ఉంగరాల డబ్బా

కిందటి వారం మనం ఆ అమ్మాయిని తవ్వి తీసిన రాతి కడ్డీలు దాచే కోర్ షెడ్డు గడప దగ్గర, చేతిలో ప్రయోగశాల కవరుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచీ అక్కడే నిలబడి ఉంది. ఆమెను లోపలికి పంపే ముందు, ఈ వారమే కథలో కాలు పెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం. పాతవాళ్ళు ఓపిక పట్టాలి.

ఈ కొండలో బంగారం ఉందని ఒకప్పుడు ఊరంతటికీ చెప్పిన జియాలజిస్టు ఆమె పెద్దనాన్న. అందరూ కొండసారు అనేవాళ్ళు. ఆయన తమ్ముడు, అంటే ఈ అమ్మాయి నాన్న, ఆయన దగ్గరే రాతి నమూనాలు దంచి సంచులకు కట్టే పని చేసేవాడు. కొండసారు ముచ్చటపడి ఎంచిన దాదాపు ప్రతి ముక్కలోనూ బంగారం పలికింది. తర్వాత పెట్టుబడి పెడతామని వచ్చినవాళ్ళు ఆయన డ్రిల్లు వేయించిన రంధ్రాల పక్కనే మళ్ళీ రంధ్రాలు వేసి చూసుకుంటే ఆవగింజంత కూడా పలకలేదు. నమూనాల్లో ఎవరో బంగారం పొడి కలిపారన్నారు. సంచులకు మూతి కట్టినవాడు తమ్ముడు గనుక నేరం తమ్ముడి మీద పడింది. కొండసారే స్వయంగా తమ్ముణ్ణి పనిలోంచి పంపించేశాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు.

ఇప్పుడు అదే కొండకు జింకు, సీసం వెతుక్కుంటూ కొత్త కంపెనీ వచ్చింది. అందులో జియాలజిస్టు మన అమ్మాయి. కంపెనీ వేసే నివేదికలో ఈ కొండ అన్వేషణ చరిత్ర అనే అధ్యాయం ఆమే రాయాలి. అంతా రాసింది, ఒక్క వాక్యం మిగిలింది. ఆ బంగారం కలిపింది ఎవరు? సాయంత్రంలోగా ఆ అధ్యాయం మేనేజరుకు అందాలి. ఒకసారి అచ్చయితే ఈ కొండ గురించి ఇకమీద రాసే ప్రతివాడూ ఆ వాక్యాన్నే ఎత్తి రాస్తాడు. నాన్న దొంగ కాదని రుజువు చేద్దామని, పాత నమూనాల్లో మిగిలిన పొడిని వెతికించి, మేనేజరుతో పోట్లాడి, ఆమే పరీక్షకు పంపింది. ఆ ఫలితమే ఆ కవరులో ఉంది.

పొద్దున నాన్నకు ఫోన్ చేసింది. "ఒక్కసారి షెడ్డుకి రా నాన్నా, పెద్దనాన్న కూడా వచ్చారు" అంది. "నేనెందుకమ్మా అక్కడ" అని ఆయన పెట్టేశాడు. ఇక కథలోకి వెళ్దాం.

కవరు అప్పటికే చింపి చదివేసింది గనుక లోపలికి వెళ్ళడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. గడప పక్కన మేకుకు వేలాడుతున్న రేకు డబ్బాలో, అలవాటు కొద్దీ, వేలి ఉంగరం తీసి పడేసింది. ఆ షెడ్డులో అదొక మడి. లోపలికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే ఒంటిమీద బంగారం తీసి ఆ డబ్బాలో వెయ్యాలి. బంగారం మెత్తటిది, గరుకు రాయికి తగిలితే గోడకు సుద్ద అంటుకున్నట్టు అంటుకుంటుంది. కంటికి ఆనని ఒక్క రేణువు చాలు, పరీక్షలో ఆ రాయి బంగారు రాయి అయిపోతుంది. ఈ నియమం పెట్టింది కొండసారే. "ఈ గడప లోపల బంగారమంటూ ఉంటే అది కొండదే అయి ఉండాలి" అనేవాడట. కంపెనీలు మారాయి, కప్పు మీద రేకులు మారాయి, డబ్బా మాత్రం మారలేదు.

ఆమె ఉంగరానికీ ఒక కథ ఉంది. నానమ్మ తన గాజులు చెరిపించి ఇద్దరు కొడుకులకీ జత ఉంగరాలు చేయించింది. ఒకే అచ్చు, ఒకే తూకం. పెద్దాడికి ఎక్కువ, చిన్నాడికి తక్కువ అనే మాట రాకూడదని కంసాలి ఎదురుగా కూర్చుని మరీ తూయించింది. తమ్ముడి ఉంగరం ఇప్పుడు కూతురి వేలికి వచ్చింది. అన్న ఉంగరం అన్న వేలికే ఉంది. వయసులో ఉన్నప్పుడు సుత్తి దెబ్బ తగిలి ఆ వేలి కణుపు వాచిపోయింది, ఉంగరం ఇక దిగలేదు. ఆ పొద్దున పెద్దనాన్న గడప దగ్గర ఆగి వేలు చూపిస్తే, "సరేలెండి, మీరేం ముట్టుకోరుగా, రండి" అని ఆమే లోపలికి తీసుకెళ్ళింది. పెద్దవాళ్ళకు నియమాలు చెప్పడం మనకు చిన్నప్పటి నుంచీ రాని విద్య.

లోపల పొడుగాటి బల్లల మీద కోర్ పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. డ్రిల్లు కొండ కడుపులోంచి తీసుకొచ్చిన రాతి కడ్డీలు, చదువుకునే పుస్తకంలాగే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పేర్చి ఉంటాయి. సగానికి కోసి ఒక సగం పరీక్షకు పంపుతారు, రెండో సగం పెట్టెలోనే ఉంచుతారు. తడిపిన రాయి వాసన, డ్రిల్లు గ్రీజు వాసన కలిసి షెడ్డంతా పట్టేసింది. పెద్దనాన్న ప్లాస్టిక్ కుర్చీలో, తన పాత రంధ్రంలోంచి తీసిన కోర్ పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కంపెనీవాళ్ళు సలహా కోసం పిలిచారని ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

"ఏం వచ్చిందమ్మా?" అన్నాడు కవరు చూసి.

"మీరు అప్పుడన్నదే నిజం పెద్దనాన్నా."

ఆయన సంతోషిస్తాడనుకుంది. ఆ సంతోషాన్ని ఎలా భరించాలా అని గడప దగ్గర అంతసేపూ ఆలోచించింది కూడా. ఆయన ముఖంలో సంతోషం ఏమీ కనిపించలేదు. "ఏం నిజం?" అన్నాడు.

"ఈ కొండ బంగారంలో ఎప్పుడూ వెండి కలిసి ఉంటుందని నాకు చిన్నప్పుడు మీరే చెప్పారు. వాగులో దొరికినా, పాత గుంటల్లో దొరికినా అంతే. కొత్త కోర్‌లో అక్కడక్కడా దొరుకుతున్న నలుసులూ అలాగే ఉన్నాయి. కానీ ఆ పాత పొడిలో దొరికిన రేణువుల్లో ఉన్నది రాగి. బంగారంలో అంత రాగి కలిపేది కంసాలి. కొండ కాదు."

"రేణువులు ఎలా ఉన్నాయి?"

"చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. వడ్రంగి చిత్రిక పడితే పొట్టు రాలుతుందే, అలాగ. ఆకురాయితో నగని అరగదీసి కలిపి ఉంటారని రాశారు." అక్కడిదాకా ఉద్యోగిలా చెప్పుకొచ్చి, కవరు బల్ల మీద పడేసింది. "నాన్న కాదని చూపించాలని నేనే పట్టుబట్టి పంపాను పెద్దనాన్నా. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, నేను కొండను తవ్వి మా నాన్నని పట్టుకున్నాను."

ఆయన పక్కన ఉన్న ఇంకో కుర్చీ కాలితో ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చుని దుపట్టా కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడ్చే పిల్లను ఓదార్చడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు, రాళ్ళ గురించి మాట్లాడ్డం ఒక్కటే వచ్చు. అందుకని అదే మొదలుపెట్టాడు.

"మొదట వాగు పట్టుకుని పైకి వచ్చాను. నేనూ మీ నాన్నా. ఒక పళ్ళెం, ఒక సుత్తి, వాడి భుజాన గోనెసంచి. వాగులో ఇసుక కడుక్కుంటూ వస్తే పళ్ళెం అడుగున పసుప్పచ్చటి నలుసులు కనిపించాయి. ఇంకా పైకి వస్తే నలుసులు పెద్దవయ్యాయి. ఒక మలుపు దగ్గర ఆగిపోయాయి. అంటే పక్క చరియలోంచే రాలుతున్నాయన్నమాట. ఎక్కి చూస్తే పలుగురాయి పట్టీ, మనిషి నడుమంత వెడల్పు, తెల్లగా. ఎవరో ఎప్పుడో తవ్వి వదిలేసిన గుంటలు. నేను ఆ గుంటలో కూర్చుని నవ్వాను. మీ నాన్న మాత్రం, ఇంత బాగుంటే వాళ్ళెందుకు వదిలేసి పోయారన్నయ్యా అన్నాడు."

"మీరేమన్నారు?"

"నోరు మూసుకుని సంచి పట్టుకోమన్నాను."

ఆయన ముందున్న పెట్టెలోకి వంగాడు. తెల్లటి పలుగురాయి పక్కన గోధుమ రంగు రాయి మందంగా ఆనుకుని ఉంది, అందమూ లేదు, మెరుపూ లేదు. "ఇది చూశావా? దీనికోసమేగా ఇప్పుడు మీ కంపెనీ ఇంతదూరం వచ్చింది. జింకు. కొండంతా ఉంది. రోజూ దీని మీద మోచెయ్యి ఆనించుకుని పక్కనున్న పలుగురాయి చూసేవాణ్ణి. ఒక్కసారైనా దీన్ని పరీక్షకి పంపలేదు. పెట్టెలు బరువైపోతున్నాయని విసుక్కున్నాను కూడా. కళ్ళనిండా బంగారం నింపుకున్నవాడికి ఇంకేం కనబడుతుందమ్మా. ఇది పట్టుకుని ఉంటే ఆ రోజు ఎవరి ఉద్యోగమూ పోయేది కాదు. మీ నాన్నదీ పోయేది కాదు."

మాట్లాడుతూనే చేతికందిన పలుగురాయి ముక్క ఒకటి తీసి, దుమ్ము పోవడానికి అరచేత్తో గట్టిగా రుద్దుతున్నాడు. ఏమీ ముట్టుకోడనుకున్న మనిషే. రాళ్ళ మనిషికి రాయి ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకోదు, ఆమె చెయ్యీ అంతే. రాతి మీద లోహం గీరుకున్న చప్పుడు సన్నగా వినబడింది. ఆమె ఏదో పరధ్యానంగా ఆయన చేతులకేసి చూసింది.

తెల్లటి రాతి మీద పసుప్పచ్చటి గీత ఉంది.

"ఒకసారి ఇలా ఇవ్వండి" అని ముక్క అందుకుని, మెడలో వేలాడే భూతద్దం కంటికి ఆనించుకుంది. గీత చివర చిన్న చుట్ట. చిత్రిక పొట్టు. తల ఎత్తి చూసేసరికి పెద్దనాన్న కుడిచెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్ళిపోయింది. ఆ చెయ్యి బల్ల మీదే ఉండి ఉంటే ఆమెకు ఇంకా కాసేపు పట్టేదేమో. జేబులోకి వెళ్ళబట్టే అంతా అర్థమైంది.

"చెయ్యి చూపించండి పెద్దనాన్నా."

"ఎందుకు?"

"చూపించండి."

ఆయన చెయ్యి బయటికి తీసి బల్ల మీద పెట్టాడు, అరచెయ్యి కిందికి. పైనుంచి చూస్తే ఉంగరం మామూలుగానే ఉంది. ఆమె లేచి గడప దాకా వెళ్ళి, డబ్బాలోంచి తన ఉంగరం తీసుకొచ్చింది. ఆ షెడ్డులో బుద్ధి తెలిసిన మనిషి చెయ్యకూడని పని అది. ఆయన అరచేతిని తిప్పి, వేలి పక్కన తన ఉంగరం పెట్టింది. నానమ్మ ఒకే తూకానికి చేయించిన జత. ఆమె ఉంగరం చుట్టూరా ఒకే మందాన ఉంది. ఆయన ఉంగరం అరచేతి వైపు దారప్పోగులా మిగిలింది.

"దంచిన రాతి పొడిని జల్లెడ పట్టింది ఎవరు?" అంది.

"బాగున్నాయనుకున్న ముక్కలన్నీ నేనే పట్టేవాణ్ణి. వేరేవాళ్ళకి ఇవ్వడానికి మనసొప్పేది కాదు. దంచిన పొడిని జల్లెడలో పోసి అరచేత్తో రుద్దేవాణ్ణి. మీ నాన్న కింద పళ్ళెం పట్టుకునేవాడు."

"బాగాలేవనుకున్న ముక్కలు?"

"అవి మీ నాన్న ఒక్కడే చేసేవాడు. వాటిలో ఏమీ వచ్చేది కాదు."

ఇనప తీగల జల్లెడ, దాని మీద గట్టిగా తిరిగే ఉంగరం. ఆయన మనసు ఎక్కడ పడితే అక్కడ చెయ్యి పడింది, చెయ్యి పడినచోటల్లా బంగారం పలికింది. కొండసారు చూపు పడితే చాలని జనం చెప్పుకున్నారు, సన్మానాలు చేశారు. ఆయన చూపుకు దణ్ణం పెట్టినవాళ్ళలో చేతిని చూసినవాడు ఒక్కడూ లేడు.

"మరి ఈ నియమం? ఈ డబ్బా?" అంది.

"నాకు ఉంగరం రాదుగా. తెంపించేద్దామంటే మీ పెద్దమ్మ పడనివ్వలేదు, అత్తగారి చేతి బంగారం తెంపకూడదని. గుడ్డ పట్టీ కట్టుకుని దిగేవాణ్ణి పనిలోకి. పట్టీ ఉందిగా అనుకున్నాను. అది జల్లెడ మీద చిరిగిపోతుందని నాకు తట్టలేదమ్మా. నిజంగా తట్టలేదు."

"ఎప్పుడు తట్టింది?"

"వేలు నొప్పెడుతుంటే తెంపించుకుందామని కంసాలి దగ్గరికి వెళ్ళాను. మీ పెద్దమ్మ పోయాక. వాడు చెయ్యి తిప్పి చూసి, సగం బంగారం లేదండీ, ఎక్కడ అరగదీశారు అన్నాడు. వాడు మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం కాళ్ళ కింద నేల లేదు. తెంపించుకోకుండానే వచ్చేశాను."

"అది జరిగి ఎన్నేళ్ళయింది?"

"నువ్వు కాలేజీలో చేరావు అప్పుడు."

ఆమె లెక్క వేసుకుంది. కాలేజీలో ఒక మేష్టారు క్లాసులో ఈ కొండ కథ చెప్పి, బంగారం కలిపిన దొంగ గురించి నవ్వించినప్పుడు, ఆమె వెనక బెంచీలో తలవంచుకుని కూర్చుంది. ఆ నవ్వు వినబడిన రోజుకే ఈయనకు నిజం తెలుసన్నమాట. అరవాలనిపించింది. ఎదురుగా ఉన్నది చిన్నప్పుడు తనను భుజాన ఎక్కించుకుని రాళ్ళ రంగులు నేర్పిన మనిషి.

"మా నాన్న ఇప్పుడు కింద ఊళ్ళో గోనెసంచులు కుడుతున్నాడు, మీకు తెలుసా?"

"తెలుసు. ఆ దుకాణం ఉన్న వీధి మలుపు దాకా వెళ్ళాను చాలాసార్లు. మిషను చప్పుడు వినబడేది. వెనక్కి వచ్చేసేవాణ్ణి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నా కాళ్ళ మీద పడకూడదని నేను వాడి కడుపు కొట్టాను." ఆయన ఉంగరం వేలును రెండో చేత్తో కప్పుకున్నాడు. "తప్పు చేసింది తెలియకే. తెలిశాక నోరు విప్పకపోవడం మాత్రం తెలిసే చేశాను."

బల్ల మీద ఫోను మోగింది. మేనేజరు. అధ్యాయం ఎంతవరకు వచ్చిందని. ఆమె "అయిపోయిందండీ, ఒక్క వాక్యం" అని పెట్టేసి, ల్యాప్‌టాప్ తెరిచి పెద్దనాన్న ముందుకు తిప్పింది. ఖాళీ వాక్యం చోట కర్సరు కొట్టుకుంటోంది.

"మీ నోటితో చెప్పండి. నేను రాస్తాను."

కొండసారు అప్పుడు నిటారుగా కూర్చున్నాడు. ఆ క్షణంలో ఆమెకు ఆయన మీద కోపంకన్నా జాలే ఎక్కువ కలిగింది, ఆ జాలి కలిగినందుకు తన మీద తనకే కోపం కూడా వచ్చింది. "రాయమ్మా. నా పేరు పూర్తిగా వెయ్యి, హోదాతో సహా. ప్రధాన జియాలజిస్టు చేతి ఉంగరం నుంచి అని రాయి. నమూనాలు కట్టిన ఉద్యోగికి ఏ సంబంధమూ లేదని రాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా రాయి. ఒక్కటి మాత్రం నాకు వదిలెయ్. ఇది అచ్చులో చూసి కాదు, నా నోటినుంచే వాడికి తెలియాలి. పాపం, వాడికి ఇన్నేళ్ళుగా ఏమీ తెలియదు."

ఆమె టైపు చేసింది. మనసులో ఎక్కడో ఒక తలుపు తెరుచుకున్నట్టుంది. వాక్యం ఒకటికి రెండుసార్లు చదువుకుంది. చుక్క పెట్టింది. పంపడానికి చెయ్యి ఎత్తింది.

షెడ్డులోకి వస్తున్న వెలుతురు ఒక్కసారి తగ్గింది. గడప అవతల నాన్న నిలబడి ఉన్నాడు. చొక్కాకు గోనె పీచు అంటుకుని ఉంది, మిషను మీదనుంచి లేచి అలాగే వచ్చేసినట్టున్నాడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. లోపలికి రాలేదు. చెయ్యి దానంతటదే మేకుకున్న డబ్బా మీదికి వెళ్ళింది. వెయ్యడానికి తన వేలికి ఏమీ లేదని గుర్తొచ్చినట్టు మళ్ళీ దించుకున్నాడు.

పెద్దనాన్న బల్ల పట్టుకుని లేచాడు. "తమ్ముడూ" అన్నాడు. ఆ పిలుపు బయటికి వచ్చి ఎన్నేళ్ళయిందో, సగంలో విరిగింది. "నీకో మాట చెప్పాలిరా. ఆ బంగారం..."

"విన్నానన్నయ్యా. వినకపోయినా తెలుసు."

"నీకెలా తెలుసు?"

"కుడిచేతి వేలికి పట్టీ నువ్వు ఒక్కడివే ఎలా కట్టుకుంటావు? రోజూ పొద్దున్నే కట్టింది నేనే కదా. సాయంత్రం చిరిగిన పట్టీ విప్పి పారేసింది కూడా నేనే. నువ్వు మర్చిపోయావు." నాన్న గడప దాటకుండానే కూతురి వైపు తిరిగాడు. "అమ్మలూ, ఆ కాగితం పంపావా?"

"లేదు నాన్నా, ఇప్పుడే..."

"పంపకు. ఉద్యోగికి ఏ సంబంధమూ లేదని రాయించాడుగా మీ పెద్దనాన్న. అది తీసెయ్."

"ఎందుకు? నువ్వే పాపమూ ఎరగవు కదా నాన్నా."

నాన్న ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. బల్ల మీద ఒకటి విడిగా, ఒకటి అన్న వేలికి ఉన్న ఆ రెండు ఉంగరాలకేసి చూస్తూ చెప్పాడు.

"మొదట్లో నాకూ తెలియదమ్మా. తర్వాత ఒకరోజు పట్టీ చిరగలేదు, ఆ రోజు పొడిలో బంగారం రాలేదు. అప్పుడు తెలిసింది. తెలిసిన మర్నాటి నుంచి పట్టీ జారిపోవాలనే నేను వదులుగా కట్టాను."